స్టిక్ పట్టినవాళ్ల సందేహాలు

ప్రశ్న: స్ట్రీట్ ఫైటర్ 6 ఫైటింగ్ గేమ్‌లో ర్యూ పాత్రతో ఆడుతున్నాను, కంట్రోలర్ మీది ఎడమ అనలాగ్ స్టిక్ వాడతాను. హడోకెన్ (చేతుల్లోంచి విసిరే శక్తి గోళం) వేద్దామంటే ఒక్కోసారి షోర్యుకెన్ (పైకి లేస్తూ కొట్టే పంచ్) వస్తోంది, ఒక్కోసారి మనిషి ఎగిరిపోతున్నాడు. డీ-ప్యాడ్‌కి (నాలుగు దిక్కుల మీటకి) మారిపోవాలా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: మారేముందు వేలు ఎక్కడ జారుతోందో చూడండి. స్టిక్‌ని ఎంత దూరం నెట్టారన్నది ఈ గేమ్‌కి అక్కర్లేదు, ఏ దిక్కుకన్నదే కావాలి. ఎనిమిది దిక్కులు, మధ్యలో ఖాళీ, అంతే. ఆటగాళ్లు వీటిని కీబోర్డు కుడివైపు ఉండే అంకెల మీటలతో చెప్పుకుంటారు. పాత్ర కుడివైపు చూస్తుంటే 6 ముందుకు, 2 కిందికి, 3 ఆ రెండింటి మధ్య మూల, 5 మధ్య. హడోకెన్ 236, షోర్యుకెన్ 623. చివర పంచ్.

నడుస్తూ నడుస్తూనే హడోకెన్ తిప్పితే గేమ్‌కి అందేది 6236. అందులో 623 ఉంది కదా, గేమ్ దానికే పెద్దపీట వేస్తుంది. మీ ర్యూ గాల్లోకి లేస్తాడు, ఎదుటివాడు తీరిగ్గా నిలబడి దిగగానే ఉతుకుతాడు. అందుకే ముందు నడక ఆపండి. స్టిక్‌ని మధ్యకు రానిచ్చి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు కిందికి దించండి.

ఎగిరిపోవడం వేరే జబ్బు. స్టిక్ చుట్టూ ఉన్న అంచు గుండ్రం. 6 దగ్గర వేలిని ఆపే గాడి ఏదీ ఉండదు. ఊపులో తిప్పితే 9కి, అంటే పైమూలకి, జారిపోతుంది. పంచ్ కాస్త ఆలస్యమైందా, జంప్ మొదలైనట్టే. స్టిక్ 6ని తాకుతున్నప్పుడే పంచ్ నొక్కండి.

ట్రైనింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే (మీరు నొక్కినవి తెరపై చూపేది) ఆన్ చేసి నెమ్మదిగా తిప్పి చూడండి. బాణం పక్కన ఉన్న అంకె మీరు ఆ దిక్కులో ఎన్ని ఫ్రేములు ఉన్నారో చెబుతుంది. ఫ్రేమంటే తెరమీద ఒక్క బొమ్మ, సెకనుకు 60 ఫ్రేములు. 3 బాణం అసలు కనబడకపోతే అంచు వదిలేసి మధ్యలోంచి అడ్డంగా కోస్తున్నారన్నమాట. చివర 9 కనబడితే ఎక్కువ తిప్పుతున్నారు. బొటనవేలిని స్టిక్ నెత్తిమీద పెట్టి, అంచుకి ఆనించే రాసుకుంటూ పోనివ్వండి. బలం అక్కర్లేదు. రెండో వైపు నిలబడి కూడా సాధన చేయండి. చాలామందికి ఒక వైపే కుదురుతుంది.

ఇవేవీ వద్దనుకుంటే మోడర్న్ కంట్రోల్స్ అనే సులువు పద్ధతిలో ఒక్క స్పెషల్ బటన్‌తో హడోకెన్ వస్తుంది. కాకపోతే అలా వేసిన దెబ్బకి 20 శాతం కోత.

ప్రశ్న: టెక్కెన్ 8 ఫైటింగ్ గేమ్‌లో కజుయా పాత్ర వేసే ఎలక్ట్రిక్ (మెరుపు పంచ్), వెంటవెంటనే వెనక్కి దూకే కొరియన్ బ్యాక్‌డ్యాష్ స్టిక్‌తో సాధ్యమేనా? (డల్లాస్ నుంచి)

జవాబు: సాధ్యమే, కానీ డీ-ప్యాడే మేలు. ఎలక్ట్రిక్‌కి ముందుకు, మధ్య, కిందికి, ముందు కింది మూల. ఆ మూల పడ్డ ఫ్రేములోనే కుడి పంచ్ కూడా పడాలి. ఒక ఫ్రేమంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. చిక్కంతా ఆ 'మధ్య' దగ్గరే. స్టిక్ డెడ్‌జోన్‌లోకి (మధ్యలో కదలికను లెక్కచేయని చోటికి) పూర్తిగా తిరిగొస్తేనే గేమ్ దాన్ని మధ్యగా లెక్కేస్తుంది. బ్యాక్‌డ్యాష్‌లో ఇదే మళ్లీ మళ్లీ చేయాలి, స్టిక్ ప్రయాణ దూరమేమో ఎక్కువ.

పీసీలో స్టీమ్ గేమ్ స్టోర్‌కి చెందిన స్టీమ్ ఇన్‌పుట్ సెట్టింగుల్లో స్టిక్‌ని డైరెక్షనల్ ప్యాడ్‌గా మార్చుకోవచ్చు. డెడ్‌జోన్ పెంచితే 'మధ్య' త్వరగా దొరుకుతుంది, మరీ పెంచితే తిప్పుడు మూవ్‌లు మధ్యలో తెగిపోతాయి. ఓవర్‌ల్యాప్ (పక్కపక్క దిక్కులు కలిసే భాగం) పెంచితే మూలలు వెడల్పవుతాయి, 3 సులువుగా పడుతుంది. దానికీ ఓ వెల ఉంది. నేరుగా వెనక్కి పట్టుకున్నాననుకుని వెనక మూల పడుతుంది, నిలబడి బ్లాక్ చేయాల్సినవాడు కూర్చుని బ్లాక్ చేస్తాడు, మిడ్ దెబ్బలు (కూర్చుని ఆపలేనివి) తగులుతాయి. రెండింటినీ ఒకేసారి కదపకండి. ఒకటి కాస్త మార్చి, ఆడి చూసి, అప్పుడు రెండోది.

ప్రశ్న: మరి నింటెండో వాళ్ల ఫైటింగ్ గేమ్ స్మాష్ బ్రదర్స్‌లో అందరూ స్టిక్కే వాడతారేం? (గుంటూరు పాఠకురాలు)

జవాబు: ఆ గేమ్ పుట్టిందే స్టిక్ కోసం. 1999లో వచ్చిన మొదటి ఆట నుంచీ మెల్లగా వంచితే ఒక దెబ్బ, చటుక్కున కొడితే స్మాష్ అనే గట్టి దెబ్బ. ఆ వరసలోని అల్టిమేట్‌లో డీ-ప్యాడ్‌ని వెక్కిరింతలకి వదిలేశారు! నింటెండో పాత గేమ్ యంత్రమైన గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌ని ఇంకా వదలని వాళ్లున్నారంటే ఒక కారణం దాని స్టిక్ అంచుకి ఎనిమిది మూలలుండటం. వేలికి దిక్కు తెలుస్తుంది.

ప్రశ్న: వేలు తీసేసినా పాత్ర దానంతటదే నడుస్తోంది. కొత్త కంట్రోలర్ కొనాలా? (కాకినాడ పాఠకుడు)

జవాబు: విండోస్‌లో యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్ల సెటప్ తెరిచి, ప్రాపర్టీస్‌లో గుర్తు ఎక్కడ ఆగుతోందో చూడండి. స్టిక్‌ని నాలుగు వైపులా వదిలి చూడండి. ఎప్పుడూ ఒకే పక్కకి ఒరిగితే డ్రిఫ్ట్. లోపలి రెండు పొటెన్షియోమీటర్ల (స్టిక్ ఎక్కడుందో కొలిచే భాగాల) కార్బన్ పట్టీ అరిగిందో, దుమ్ము పట్టిందో. కంట్రోలర్ ఆఫ్ చేసి, స్టిక్ మొదట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి తిప్పి, పూర్తిగా ఆరనివ్వండి. దుమ్మైతే పోతుంది, అరుగుదలైతే కొన్నాళ్లకి తిరిగొస్తుంది. అప్పుడు స్టిక్ మాడ్యూలే (ఆ భాగం మొత్తం) మార్చాలి. టంకం పనిలో చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి. అయస్కాంతంతో కొలిచే హాల్ ఎఫెక్ట్ రకం వేయిస్తే రాపిడి ఉండదు గానీ, బిగించాక క్యాలిబ్రేషన్ (మధ్య, అంచులు సరిచూసి సెట్ చేయడం) తప్పనిసరి.

వదిలిన క్షణంలో మాత్రమే ఎదురు దిక్కు ఒక ఫ్రేము మెరిసి పోతుంటే అది డ్రిఫ్ట్ కాదు. స్ప్రింగు ఊపుకి స్టిక్ మధ్యని దాటేస్తోంది. టప్పున వదలకుండా వేలితోనే మధ్యకు తెచ్చి వదలండి, చాలావరకు తగ్గుతుంది.