డాక్టరు దగ్గర ఏదీ దాచవద్దు, తల్లీ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, చిత్తూరు నుంచి నీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

భర్తతో కలిసిన తర్వాత పొత్తికడుపులో నొప్పి వస్తున్నదనీ, సోమవారం అతనిని వెంటబెట్టుకొని తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి వెళ్తున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. దిగులు ఎంత ఉన్నదో, నోరు విప్పి చెప్పగలిగావన్న గర్వమూ అంతే ఉన్నది.

ఓపీ చీటీకి పొద్దున్నే వెళ్ళు. కాన్పు కాగితాలు తీసుకువెళ్ళు.

నొప్పి ఎక్కడ పుడుతున్నదో విడమరచి చెప్పు. పైపైన మంటగా ఉంటే కాన్పు కుట్లు, ఫంగస్, లేక భయంతో కండరాలు బిగుసుకోవడం కారణం కావచ్చు. నీవు ఇంకా బిడ్డకు పాలిస్తున్నావు కనుక ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గి తేమ ఆరిపోయి ఉండవచ్చు. లోతుగా, నెలసరి ముందు మరీ ఎక్కువగా వస్తే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది సంచి బయట పెరగడం), అండాశయంలో నీటిబుడగలు, గర్భసంచి గడ్డల గురించి అడుగు. స్కానింగులో ఏమీ కనబడనంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేనట్టు కాదు.

ఇక నా తప్పు విను. మీ అన్నకు రెండేళ్ళప్పుడు నాకు ఇదే నొప్పి, తోడుగా వాసనతో కూడిన తెల్లబట్ట మొదలైంది. అత్తగారు ఓర్చుకోమన్నారు. మందుల షాపు నుంచి బిళ్ళలు తెప్పించుకొని, నొప్పి తగ్గిన నాలుగో రోజున మానేశాను. కొన్ని నెలలకు అది తిరగబెట్టింది. అప్పుడు చూసిన డాక్టరమ్మ, ఈ ఇన్ఫెక్షను ఇద్దరికీ ఉంటుంది, ఇద్దరూ కోర్సు పూర్తి చేయాలని చెప్పి మందులు వ్రాసిచ్చింది. నావి నేను మింగాను. మీ పెదనాన్నకు ఇవ్వవలసినవి మాత్రం, ఆయన ఏమనుకుంటారోనన్న భయంతో బియ్యం డబ్బా అడుగున దాచాను. ఆయన నుంచి నాకు మళ్ళీ అంటుకున్నది. మరి మూడేళ్ళకు, రెండో బిడ్డ ఎందుకు కలగడం లేదని రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే, గర్భనాళాలు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. ఆ డబ్బాలో బియ్యం కొలిచిన ప్రతిసారీ నా చెయ్యి వణికేది.

అందుకే అల్లుడిని లోపలికి కూడా తీసుకువెళ్ళు. మందునీళ్ళతో లోపల కడుక్కుంటున్నావట. ఎవరు చెప్పారు నీకు? ఈ రోజే మానెయ్యి, దానివల్ల లోపల సహజంగా ఉన్న రక్షణా పోతుంది. ఆరేళ్ళప్పుడు గంగజాతరలో గాజుపెంకు గుచ్చుకుంటే పాదం వాచేదాకా దాచినదానివి, నా బంగారు తల్లివి. నాకు నీ ఓర్పే భయం. కలిసిన తర్వాత రక్తం కనబడితే అదీ చెప్పు, గర్భసంచి ముఖద్వారాన్ని పరీక్షించాలి. ఈలోగా జ్వరం గానీ, కళ్ళు తిరిగేంత నొప్పి గానీ వస్తే సోమవారం దాకా ఆగకుండా అర్ధరాత్రయినా బయలుదేరు.

నేను ఆదివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. మీరిద్దరూ లోపల ఉన్నంతసేపూ బిడ్డను నేను ఎత్తుకుంటాను.

నీ పెద్దమ్మ