ఆర్కిటెక్టుల సంఘానికి ఊరి పాలనలో ఏం పని?

రాజమహేంద్రవరం, కాకినాడ లాంటి ఊళ్ళలో ఆర్కిటెక్టుల సంఘం మున్సిపల్ వ్యవహారాల్లో మాట్లాడొచ్చా, అది రాజకీయం అయిపోదా అని అడిగారు. మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 పనులను 12వ షెడ్యూల్లో పెట్టింది. మొదటిదే పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. మున్సిపల్ పాలనలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవాళ్ళకి ఓటు లేకుండా కౌన్సిల్లో చోటిచ్చే వీలు కూడా రాష్ట్రాలకు ఉంది.

మన గోదావరి డెల్టాలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. నేల పల్లం, వాన పడితే మురుగు కాలువలే దిక్కు. వరి చేను మెరక చేసి లేఅవుట్ వేస్తే నీళ్ళు పక్క వీధిలో నిలుస్తాయి, ఆ వీధివాళ్ళు కూడా ఎత్తు పెంచుకుంటే ఇంకో వీధి మునుగుతుంది, ఇలా పోతూనే ఉంటుంది. నేల ఎత్తుపల్లాల లెవెల్స్ చూసి దీన్ని ముందే పసిగట్టగలిగేవాళ్ళు ఆర్కిటెక్టులు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు పిలిచినప్పుడు కాలువల మ్యాపుతో సహా సంఘం తరపున రాసిస్తే దాని బరువే వేరు.

చిక్కల్లా, ప్లాన్ అప్రూవల్ కోసం రోజూ వెళ్ళాల్సింది అదే మున్సిపల్ ఆఫీసుకి కాబట్టి ఒంటరిగా ఎవరూ నోరెత్తరు. అందుకే సంఘం. అయితే పార్టీ జెండా పట్టకూడదు, తమ ప్రాజెక్టు చర్చకొస్తే ఆ సభ్యుడు పక్కకి తప్పుకోవాలి. 2021లో చాలా కార్పొరేషన్లకి ఎన్నికలు జరిగినా రాజమహేంద్రవరంలో జరగలేదు. ఎన్నికైన కౌన్సిల్ కావాలని గట్టిగా అడగడం కూడా సంఘం పనే అంటాను.