కైరోప్రాక్టిక్ చదివినవాళ్లు ఎందుకు మానేస్తున్నారు?

ప్రశ్న: మా అమ్మాయికి కైరోప్రాక్టిక్, అంటే వెన్నును చేత్తో సరిచేసే వైద్యం, చదవాలని ఉంది. కానీ ఆ కోర్సు చేసి, కొన్నేళ్లు ప్రాక్టీస్ కూడా చేసినవాళ్లు వదిలేసి వేరే పనుల్లోకి పోతున్నారని విన్నాం. ఎందుకలా? పంపమంటారా, వద్దంటారా? – ఒక తండ్రి

జవాబు: మీరు విన్నది పుకారేం కాదండీ. అయితే పని చేతకాక మానేసేవాళ్లు తక్కువ. వెన్ను పట్టి చూసి సరిచేయడం వాళ్లకు వచ్చు, ఇష్టం కూడా. చిక్కంతా క్లినిక్ నడపడం దగ్గర వస్తుంది.

ఈ వృత్తి 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ చేతుల మీదుగా మొదలైంది. అక్కడ డిగ్రీ చదువు కొంతవరకు పూర్తయ్యాక మరో నాలుగేళ్ల కోర్సు. చాలామంది అప్పు చేసే చదువుతారు. తీరా బయటికొస్తే ఆసుపత్రి ఉద్యోగాలు కొద్దే. ఇంకొకరి క్లినిక్‌లో అసోసియేట్‌గా చేరాలి, లేదా ఉన్న అప్పు మీద ఇంకో అప్పు చేసి సొంతంగా పెట్టుకోవాలి.

ఇక రోజువారీ పని చూడండి. పేషెంట్ పదిహేను నిమిషాల్లో టేబుల్ దిగి వెళ్లిపోతాడు. ఆ తర్వాత నోట్స్ రాయాలి, ఇన్సూరెన్స్ బిల్లు పెట్టాలి, నిన్న రానివాళ్లకు ఫోన్ చేయాలి. అమెరికాలో వృద్ధుల బీమా మెడికేర్, వీళ్లు వెన్నును చేత్తో సరిచేసినదానికే డబ్బిస్తుంది. వీళ్లు చేసిన పరీక్షకు, తీయించిన ఎక్స్‌రేకు ఇవ్వదు. మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ పుస్తకంలో మూడు గడులు ఖాళీగా కనిపిస్తే మొదలయ్యే టెన్షన్ గురించి ఏ క్లాసులోనూ చెప్పరు.

మనసు విరిచే సంగతి ఇంకొకటుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి నాలుగు సిట్టింగులు చాలని తెలుస్తూనే ఉంటుంది. క్లినిక్ యజమాని మాత్రం నలభై సిట్టింగుల ప్యాకేజీ అమ్మమంటాడు. ఈ వృత్తిలో రెండు బాటలున్నాయి. 'సబ్‌లగ్జేషన్' (వెన్నుపూస కాస్త పక్కకు జరిగిందనడం) సరిచేస్తే సకల రోగాలూ పోతాయని చెప్పే పాత బాట ఒకటి, నడుము నొప్పి, మెడ నొప్పి వరకే ఆగి ఆధారాలు చూసుకునే బాట ఇంకొకటి. రెండో బాటవాళ్లు మొదటి బాట క్లినిక్‌లో చిక్కుకుంటే ఎక్కువకాలం నిలవలేరు. వాళ్లను నేను తప్పుపట్టను.

శరీరం సంగతి కూడా ఉంది. ఇతరుల నడుములు సరిచేసే మనిషికి సొంత మణికట్టు, బొటనవేలు, భుజం, నడుము అరుగుతాయి. అవి మొరాయిస్తే ఆదాయం ఆగినట్టే.

అమ్మాయిని ఒక వారం ఏదైనా క్లినిక్‌లో కూర్చోబెట్టండి. టేబుల్ పక్కన వద్దు, ఫ్రంట్ డెస్క్ దగ్గర. వారానికి కొత్తవాళ్లు ఎందరొస్తున్నారు, వాళ్లను రప్పించడానికి ఏం చేస్తున్నారు, ఎవరు మధ్యలో మానేస్తున్నారు, అన్నీ చూడనివ్వండి. ఆ పని కూడా సరదాగా అనిపిస్తే పంపండి. చికాకు పుడితే ఫిజియోథెరపీ మేలు. వెన్ను పని అందులోనూ ఉంటుంది. దానికితోడు ఆసుపత్రుల్లో ఆపరేషన్ తర్వాత నడిపించడం, పక్షవాతం వచ్చినవాళ్లను లేపడం లాంటి జీతమొచ్చే పనులు దొరుకుతాయి.

తను ఎక్కడ స్థిరపడాలనుకుంటోందో అక్కడ ఈ వృత్తికి లైసెన్స్ ఉందో లేదో ముందే చూసుకోండి. చాలా దేశాల్లో దీనికి ప్రత్యేక చట్టమే లేదు.

కాలేజీకి ఫోన్ చేసినప్పుడు, అయిదేళ్ల కిందట పాసైన బ్యాచ్‌లో ఇంకా ఎంతమంది ప్రాక్టీస్‌లో ఉన్నారని అడగండి. లెక్క చెప్పకుండా బ్రోషర్ పంపిస్తామంటే, నేనైతే ఫీజు కట్టను.