పెళ్ళి, పిల్లలు లేకపోవడం, ఇంట్లోవాళ్ళ ఒత్తిడి మీద మంచి నవల ఏదైనా ఉందా?

ఉంది. నైజీరియా రచయిత్రి అయోబామి అడేబాయో రాసిన 'స్టే విత్ మి', 2017లో వచ్చింది. మా ఆయన ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు లాగోస్‌లో, ఇలుపేజు వైపు ఉన్నాం. అప్పటికి మాకు పిల్లలు లేరు కాబట్టి నాకు ఇది మామూలు నవలలా అనిపించలేదని ముందే చెప్పేస్తున్నా.

కథ 1985లో ఇలేషా అనే ఊళ్ళో మొదలవుతుంది. భార్య యెజిడేకి సొంత హెయిర్ సెలూన్ ఉంది, భర్త అకిన్‌ది మంచి ఉద్యోగం, ఇష్టపడి చేసుకున్న పెళ్ళి, పైగా రెండో పెళ్ళి అనే మాటే ఉండకూడదని ముందే అనుకున్నారు. నాలుగేళ్ళయినా కడుపు పండలేదు. ఒకరోజు పెద్దవాళ్ళు ఇంటికొచ్చి, వెంట తెచ్చిన ఫున్మి అనే అమ్మాయిని చూపించి, ఈమె అకిన్ రెండో భార్య అని యెజిడేకి చల్లగా చెప్తారు. పెళ్ళి అప్పటికే అయిపోయింది! వాళ్ళ లాజిక్ ఏంటంటే, చిన్నామెకి బిడ్డ పుడితే ఆ బిడ్డ వెనకాలే నీ బిడ్డా వస్తుందట. తిట్టడం, కొట్టడం ఏమీ లేదు, అంతా నీ మంచికే అన్నట్టు మాట్లాడతారు, అందుకే ఒళ్ళు మండిపోతుంది.

లాగోస్‌లో మా పక్కింట్లో ఉండే, యొరుబా అనే అక్కడి జాతికి చెందిన ఆవిడని అందరూ పెద్దకొడుకు పేరు పెట్టి 'ఫలానావాడి అమ్మ' అనే పిలిచేవాళ్ళు, అక్కడ అదే మర్యాద. నన్ను మాత్రం 'మేడమ్' అనేవాళ్ళు. వీడియో కాల్‌లో మా పెద్దత్తయ్య "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అని అడిగేది, ఆ వెంటనే నాగ ప్రతిష్ఠ ఎక్కడ చేయించాలో చెప్పేది. పరీక్షలు, స్కాన్లు అన్నీ నాకే. మా ఆయన్ని టెస్ట్ చేయించుకోమని మా ఇంట్లో గానీ వాళ్ళింట్లో గానీ ఒక్కరూ నోరు తెరిచి అనలేదు, చివరికి డాక్టరే గట్టిగా చెప్తే వెళ్ళారు.

ఈ నవల అసలు పట్టుకున్నది ఆ పాయింటునే. యెజిడేలో లోపమేమీ లేదని డాక్టర్లు చెప్పినా ఆమే పరుగులు పెడుతూ ఉంటుంది. ఒక ప్రవక్త చెప్పాడని మచ్చలేని తెల్ల మేకని కొండ మీదికి లాక్కెళ్తుంది, అక్కడ దాన్ని గుడ్డలో చుట్టి చేతికిస్తే పసిబిడ్డలాగే కనిపించి పాలు కూడా పడుతుంది. తర్వాత పొట్ట కూడా పెరుగుతుంది, స్కాన్‌లో మాత్రం బిడ్డ ఉండదు. చదువుకున్న మనిషి ఇలా చేస్తుందా అని కొందరు రివ్యూల్లో నవ్వారు, వాళ్ళని మన గుళ్ళల్లో రావిచెట్టు చుట్టూ తిరిగే ఎంటెక్ అమ్మాయిలని చూడమనండి.

అత్తగారు గయ్యాళే, కానీ నాకు భయం వేసింది అకిన్‌ని చూసి. మంచివాడు, భార్యంటే ప్రాణం, అయినా ఒక నిజం కడుపులో దాచుకుని ఆమె కొండలెక్కుతుంటే చూస్తూ ఊరుకుంటాడు. కొన్ని అధ్యాయాలు అతని గొంతులోనే నడుస్తాయి, అతని మీద జాలి కూడా కలుగుతుంది, అదే నాకు చిరాకు. ఆ నిజమేంటో నేను చెప్పను.

లోపాలున్నాయి. రెండో సగంలో మలుపుల మీద మలుపులు, కొన్ని చోట్ల డైలీ సీరియల్ చూస్తున్నట్టే ఉంటుంది. సైనిక తిరుగుబాట్లు, 1993 ఎన్నికల రద్దు లాంటివి అక్కడక్కడా వస్తాయి, తెలియకపోయినా కథ అర్థమవుతుంది. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు గురించి మాత్రం కాస్త తెలుసుకుని చదవండి, తల్లిదండ్రులిద్దరిలో ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, నవల రెండో సగం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో మాట. పసిబిడ్డల మరణాలు ఇందులో చాలా దగ్గరగా చూపిస్తుంది. మీరు ఈమధ్యే అలాంటి బాధలో ఉంటే ఇప్పుడు వద్దు, దీని బదులు ఫ్లోరా న్వాపా 'ఎఫురు' చదవండి. అది 1966లో వచ్చిన నవల, నైజీరియాలోనే ఇగ్బో అనే మరో జాతివాళ్ళ పల్లె కథ, అందులోనూ బిడ్డ చనిపోతుంది కానీ గుండె ఇంతలా పిండేయదు.