రికార్డులో చిటపటలు

ప్రశ్న: ‘ది హూ’ బృందం కచేరీ ఆల్బమ్ ‘లైవ్ ఎట్ లీడ్స్’ పాత ఎల్పీ కొన్నాను. ఎంత తుడిచినా చిటపటలు పోవడం లేదు. రికార్డు పాడైనట్టేనా?

జవాబు: కంగారు పడకండి. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీలో కచేరీ రికార్డు చేసినప్పుడే ఆ శబ్దాలు టేపుకెక్కాయి. చిటపటలు ఉండాల్సినవే, సరిచేయొద్దని లేబుల్ మీదే రాశారు, చూడండి. గీత పడిన చోటైతే టిక్కు 1.8 సెకన్లకోసారి వస్తుంది. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకు పట్టే సమయం అంతే. దుమ్మయితే తుడిచాక తగ్గుతుంది. ఇక రుద్దకండి, గాడి అరుగుతుంది. 1995 సీడీలో ఆ శబ్దాలను డిజిటల్‌గా తీసేసి, 6 పాటలను 14 చేశారు. అయినా రెండో వైపు దాదాపు పావుగంట సాగే ‘మై జనరేషన్’ను ఎల్పీలోనే వినండి. ఆ బిగువే వేరు!