రెండు నత్తలు రెండు వందలైతే...

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నత్తల గోలే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది 60 లీటర్ల అక్వేరియం. 8 గప్పీ చేపలు, నాలుగైదు మొక్కలు ఉన్నాయి. రెండు నెలల కిందట అద్దం మీద రెండు చిన్న గోధుమరంగు నత్తలు కనిపిస్తే పోనీలే అని వదిలేశాం. ఇప్పుడు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. షాపులో నత్తల మందు ఉందన్నారు. వేసేయమంటారా?

జవాబు: ఆగండి. అలాంటి మందుల్లో చాలావాటిలో రాగి లవణాలు ఉంటాయి. అవి నత్తల్ని చంపుతాయి, అందులో అనుమానం లేదు. అసలు చిక్కు ఆ తర్వాతే. వందల నత్తలు ఒకేసారి చచ్చి, సగం రాళ్ల సందుల్లో, సగం ఫిల్టర్ లోపల కుళ్లుతాయి. ఆ కుళ్లు నుంచి వచ్చే అమ్మోనియాను అరాయించుకునేంత బ్యాక్టీరియా 60 లీటర్ల తొట్టిలో ఉండదు. మందుకు తట్టుకున్న చేపలు కూడా అమ్మోనియాకు పోతాయి. పైగా రాగి గులకరాళ్లనూ ఇసుకనూ పట్టుకుని ఉండిపోతుంది. తర్వాతెప్పుడో మీరు రొయ్యలు వేస్తే అవి ఎందుకు చస్తున్నాయో అంతుబట్టదు. నీరు ఎంత మెత్తనిదైతే, అంటే అందులో సున్నంలాంటి ఖనిజ లవణాలు ఎంత తక్కువైతే, రాగి విషం అంత ఎక్కువగా పనిచేస్తుంది కాబట్టి, ఒక ఇంట్లో ఏమీ కాని మోతాదు ఇంకో ఇంట్లో చేపల్నే తీసేయవచ్చు.

ఇంతకీ అవి అంతగా ఎందుకు పెరిగాయి? మీరు చెప్పిన పోలికల్ని బట్టి అవి బ్లాడర్ నత్తలు. ఒకే నత్తలో ఆడ, మగ అంగాలు రెండూ ఉంటాయి. జత దొరక్కపోయినా గుడ్లు పెట్టగలదు. ఆకుల అడుగున, అద్దం మూలల్లో జిగురు చుక్కల్లా కనిపించేవే ఆ గుడ్ల ముద్దలు. నీటి వేడిని బట్టి ఒకటి రెండు వారాల్లో పిల్లలవుతాయి. ఎన్ని పిల్లలు బతికి పెద్దవవుతాయన్నది మాత్రం తిండి మీదే ఆధారపడుతుంది. చేపలు తినగా మిగిలిన మేత, కుళ్లిన ఆకులు, నాచు, చచ్చిన చేప, ఇవే వాటి తిండి. తిండి తగ్గించకుండా నత్తల్ని మాత్రమే తీసేస్తే, మిగిలిన పిల్లలకు ఇంకా ఎక్కువ దొరుకుతుంది. నెల తిరిగేసరికి మళ్లీ అంతే సంఖ్య.

కాబట్టి మొదట మేత సంగతి చూడండి. 8 గప్పీలకు రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంత చాలు. ఒక్క మేత రేకు కూడా అడుగుకు చేరకూడదు. వారంలో ఒక రోజు పస్తు పెట్టినా పెద్ద గప్పీలకు ఏమీ కాదు. పసుపుపచ్చగా మారిన ఆకుల్ని కత్తిరించి తీసేయండి. వారానికోసారి సైఫన్ గొట్టాన్ని రాళ్లలోకి దించి, అడుగున ఉన్న మడ్డితో సహా 25 నుంచి 30 శాతం నీళ్లు లాగేయండి.

రెండోది, రాత్రి ఎర. వేలెడు మందం కీరా ముక్కను మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి తీయండి. చల్లారాక స్టీలు ఫోర్కుకు గుచ్చితే తేలకుండా మునుగుతుంది. లైటు ఆపాక వేసి, పొద్దున లైటు వేయకముందే నత్తలతో సహా మెల్లగా పైకి తీయండి. విదిలిస్తే సగం జారిపోతాయి. బద్ధకించి మధ్యాహ్నం దాకా ఉంచారంటే ముక్క కుళ్లి అదే వాటికి మేతవుతుంది. వరసగా 7 నుంచి 10 రాత్రులు ఇలా చేస్తూ, కనిపించిన గుడ్ల ముద్దల్ని పాత ఏటీఎం కార్డులాంటి దానితో గీకి బయటపడేయండి. నత్తను అద్దానికేసి నలిపితే గప్పీలు తింటాయి. రోజుకు రెండు మూడు నలిపితే ఫరవాలేదు, ముప్పై నలిపితే మళ్లీ అమ్మోనియా.

మూడు, నాలుగు వారాలకు గానీ తేడా కనిపించదు. ఒక్కటీ లేకుండా చేయాలన్న పంతం వద్దు. పదో పరకో మిగిలితే నాచు గీకి పెడతాయి. సంఖ్య ఉన్నట్టుండి పెరిగితే మీ ఇంట్లో ఇంకెవరో కూడా చేపలకు మేత వేస్తున్నారేమో అడగండి. చాలా ఇళ్లలో జరిగేది అదే.

ప్రశ్న: మావి సన్నగా, శంఖంలా పొడుగ్గా ఉన్నాయి. పగలు ఒక్కటీ కనిపించదు. రాత్రి టార్చి వేస్తే అద్దం నిండా ఉంటాయి. గుడ్లు వెతికినా దొరకలేదు. ఈమధ్య ఫిల్టర్ కూడా గరగరమంటోంది.

జవాబు: ఇవి ట్రంపెట్ నత్తలు. గుడ్లు దొరకవు, ఎందుకంటే పెట్టవు. తల్లి కడుపులోంచి నేరుగా పిల్లలే వస్తాయి. మగ నత్త అవసరమూ అరుదే. పగలంతా ఇసుకలో దూరి ఉంటాయి. ఇసుకను గుల్ల చేసి, అడుగున చెడ్డ గాలి పేరుకోకుండా చూస్తాయి కాబట్టి కొన్ని ఉండటం మేలే. నత్త గుల్లకు గట్టి మూత ఉంటుంది. మందు తగిలితే మూత బిగించుకుని కూర్చుంటాయి. అందుకే వీటి మీద మందులు అంతగా పారవు. ఎర మాత్రం పారుతుంది, అయితే దాన్ని ఇసుక మీదే ఆనించి పెట్టాలి.

ఇవి పగటిపూట కూడా గుంపుగా అద్దం ఎక్కి నీటి పైఅంచుకు చేరితే నత్తల్ని తిట్టకండి, నీటిని పరీక్షించండి. ప్రాణవాయువు తగ్గినా, అమ్మోనియా పెరిగినా అలా వస్తాయి.

ఫిల్టర్ గరగరకు కారణం లోపల తిరిగే ఇంపెల్లర్‌లో దూరిన పిల్ల నత్త. ప్లగ్గు తీసేశాకే మూత విప్పండి. ఇంపెల్లర్‌ను బయటికి లాగి, అది కూర్చునే గుంటను పాత టూత్‌బ్రష్‌తో తోమండి. లోపలి ఇరుసు విరిగిందేమో కూడా చూడండి. నీళ్లు పీల్చే గొట్టం మూతికి స్పాంజి తొడుగు వేస్తే మళ్లీ దూరవు. ఆ స్పాంజిని వారానికోసారి అక్వేరియం నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి. క్లోరిన్ ఉన్న కుళాయి కింద పిండితే మంచి బ్యాక్టీరియా పోతుంది.

ప్రశ్న: ఆకులకు చిల్లులు పడుతున్నాయి. నత్తలే తింటున్నాయా?

జవాబు: చిన్న నత్తల నోటికి పచ్చి ఆకు గట్టిగానే ఉంటుంది. అవి ఎక్కువగా తినేది అప్పటికే చచ్చిన భాగాన్నే. పాత ఆకుల మీద సూది పోట్లలా మొదలై, చుట్టూ పసుపు అంచుతో పెరిగే చిల్లులైతే అది పొటాషియం లోపం. ఎరువు చూడండి. గోలీకాయంత, అంతకంటే పెద్ద ఆపిల్ నత్తల్లో కొన్ని రకాలు మాత్రం పచ్చి మొక్కల్నే నమిలేస్తాయి. వాటి గుడ్లు నీటికి పైన, మూత అంచున గులాబి రంగు గుత్తుల్లా ఉంటాయి. అవి చేత్తో ఊడొస్తాయి.

ప్రశ్న: చెక్క దుంగ మీద నువ్వుగింజల్లా తెల్లటి చుక్కలు, గీకినా రావడం లేదు. మా దగ్గర ఉన్నది ఒక్క నెరైట్ నత్తే.

జవాబు: దాని గుడ్లే. మంచినీళ్లలో వాటి పిల్లలు బతకవు, వాటికి ఉప్పు కలిసిన నీరు కావాలి. చూడ్డానికి బాగుండవు, అంతే.

ప్రశ్న: కొత్త మొక్కలతోనే నత్తలు వస్తాయంటారు. తెచ్చిన మొక్కల్ని ఎలా కడగాలి?

జవాబు: ముందు కుండీ, వేళ్ల చుట్టూ ఉన్న దూది, కాడలకు చుట్టిన సీసం పట్టీ అన్నీ తీసేయండి. గుడ్లు దాక్కునేది అక్కడే. పాడైన ఆకులు తుంచి, ధారగా నీళ్లు పోస్తూ ఒక్కో ఆకును వేళ్లతో రుద్దండి. సగం పని ఇక్కడే అయిపోతుంది.

గట్టి ఆకుల అనూబియాస్, జావా ఫెర్న్ వంటివాటిని బ్లీచ్ నీళ్లలో ముంచవచ్చు. వాసన, సబ్బు కలపని 5 నుంచి 6 శాతం ద్రవ బ్లీచ్ ఒక వంతు, నీళ్లు 19 వంతులు. 2 నిమిషాలు మించకూడదు, గడియారం చూసుకోండి. మెత్తటి కాడల మొక్కలకు నిమిషం చాలు. వాలిస్నేరియా, నాచు (మాస్) మొక్కలైతే ఆ జోలికే వెళ్లొద్దు, కరిగిపోతాయి. తీసిన వెంటనే కడిగి, క్లోరిన్ విరుగుడు మందు మామూలుకు రెండు మూడింతలు కలిపిన నీళ్లలో 10 నిమిషాలు ఉంచాలి. బ్లీచ్ వాసన వస్తున్నంతసేపూ అక్వేరియంలో పెట్టకండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ ఇంకే క్లీనర్ గానీ కలిపితే విషవాయువు పుడుతుంది.

మెత్తటి మొక్కలకు పటిక నయం. లీటరు నీటికి ఒకటి నుంచి రెండు టీస్పూన్ల పొడి కలిపి 2, 3 గంటలు నానబెట్టి బాగా కడగాలి. నత్తలు చస్తాయి గానీ జిగురులోని గుడ్ల విషయంలో పటికను పూర్తిగా నమ్మలేం. అందుకే ఏది వాడినా మొక్కల్ని 3, 4 వారాలు వేరే బకెట్లో, వెలుగు తగిలేలా ఉంచి, పొదిగిన పిల్లల్ని ఏరేయడం మంచిది. అంత ఓపిక లేనివారు టిష్యూ కల్చర్ మొక్కలు కొనుక్కోవచ్చు. మూసిన కప్పులో పెంచుతారు కాబట్టి వాటిలో నత్తలుండవు.

ప్రశ్న: నత్తల్ని తినే చేపను వేస్తే పోలేదా?

జవాబు: నత్తల కోసం చేపను కొనకండి. అందరూ చెప్పే క్లౌన్ లోచ్ పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో పడుతుంది. పెద్దదైతే 30 సెంటీమీటర్లకు చేరగలదు, పైగా గుంపుగా తప్ప ఉండలేదు. బఠాణీ పఫర్ బొటనవేలంత కూడా ఉండదు గానీ గప్పీ తోకల్ని కొరుకుతుంది. చిన్న అక్వేరియాలకు సరిపడేది అసాసిన్ నత్త, నలుపు పసుపు పట్టీలు ఉంటాయి. 60 లీటర్లకు 4, 5 చాలు. ట్రంపెట్ నత్తల్ని కూడా వెంటాడి తింటుంది. పని నెలల్లో అవుతుంది, రోజుల్లో కాదు. ఆడ, మగ వేరువేరు, గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది కాబట్టి మెల్లగానే పెరుగుతుంది. మీరు ముచ్చటపడి కొన్న నెరైట్, మిస్టరీ నత్తల్ని కూడా అది వదలదు.

ప్రశ్న: నిన్న మందు వేశాం. ఈరోజు నీళ్లు పాలలా మారాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఇది ముద్రించి మీ చేతికి అందేలోపే చేయాల్సిన పని. ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాం. వెంటనే సగం నీళ్లు తీసి, క్లోరిన్ విరిచిన, అదే వేడి ఉన్న నీళ్లు పోయండి. ఎయిర్ పంపు పూర్తిగా తిప్పండి. కనిపించిన ప్రతి చచ్చిన నత్తనూ ఏరేయండి, రాళ్లలోవి సైఫన్‌తో లాగండి. ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (మందును పీల్చుకునే బొగ్గు) వేయండి, కానీ పాత స్పాంజిని కడగొద్దు, మీకు మిగిలిన బ్యాక్టీరియా అందులోనే ఉంది. రెండు రోజులు మేత వద్దు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నాకు వచ్చేదాకా రోజూ 30 శాతం నీళ్లు మార్చండి.

ప్రశ్న: తీసిన నత్తల్ని చెరువులో వదలొచ్చా?

జవాబు: వదలకూడదు, కాలవలో కూడా. అవి అక్కడి నత్తల్ని తోసిరాజని పెరగవచ్చు. కవర్లో మూటకట్టి 24 గంటలు డీప్ ఫ్రీజర్లో ఉంచి చెత్తలో వేయండి. సైఫన్ చేసిన నీళ్లలో గుడ్లుంటాయి కాబట్టి కుండీ మొక్కలకు పోయండి. ఈమధ్య రాగి మందు వాడి ఉంటే మాత్రం తినే మొక్కలకు పోయకండి.