బ్యాగు లేని శనివారం ఏం చేయించాలి?

ప్రశ్న: నేను ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. శనివారం నో బ్యాగ్ డే అంటే పిల్లలకు సంబరమే. క్విజ్, డ్రాయింగు, ఆటలు అన్నీ అయిపోయాయి. చేసి నేర్చుకునేవి, ఖర్చు లేనివి చెబుతారా?
– ఒక టీచరు, గుంటూరు

జవాబు: ముందు రైతుబజారుకు తీసుకెళ్లండమ్మా. 1999 నుంచి మనకున్నవే, రోజూ ధరల బోర్డు పెడతారు. అయితే నలభై మందిని వరస కట్టించి చూపించుకొస్తే అది షికారే అవుతుంది. నలుగురేసి జట్లు చేయండి. అమ్మ రాసిచ్చిన చీటీ, అమ్మ ఇచ్చిన డబ్బు, నిజంగా కొనాలి. చీటీలో ముప్పావు కిలో వంకాయలు, పావు కిలో పచ్చిమిర్చి. బోర్డు మీదేమో కిలో ధర. రైతు సంచీ పట్టుకుని చూస్తుంటే భిన్నాలు నోటితో వేయక తప్పదు. డబ్బు తక్కువిస్తే ఆయన ఊరుకోడు కూడా!

వీధిలో తోపుడు బండి ధరలూ రాసుకురమ్మనండి. తేడా శాతాల్లో కట్టాక, 'బండివాళ్లు మోసం చేస్తున్నారు టీచర్' అని ఎవడో అంటాడు. మీరు జవాబు చెప్పకండి. ఆ బండాయన్నే అడిగి రమ్మనండి. తెల్లారకముందే మార్కెట్టుకు ఆటో కిరాయి, సాయంత్రానికి వాడిపోయే తోటకూర, ఎండలో గుమ్మం దాకా తోసుకురావడం, ఇవన్నీ ఆయనే చెబుతాడు. లాభనష్టాల పాఠంలో ఇవి 'ఇతర ఖర్చులు' అన్న రెండు మాటల్లో తేలిపోతాయి. నాకెప్పుడూ అదే కోపం.

వాన పడితే గ్యాస్ సిలిండరు. ఇంట్లో వాడేదానిలో గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బరువు సిలిండరు మీదే ఉంటుంది. రెండూ కలిపితే ఎంత తూగాలో లెక్క కట్టమనండి. పైన పిడిని పట్టి ఉంచే రేకుల మీద ఇంగ్లిషు అక్షరం, పక్కన అంకె ఉంటాయి. 'బి 27' అంటే 2027 ఏప్రిల్–జూన్‌లో దాన్ని మళ్లీ పరీక్షించాలి. ఏ, బి, సి, డి అంటే జనవరి నుంచి వరసగా మూడేసి నెలలు. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని చూసి రావాలి, రెగ్యులేటరు ముట్టుకోకూడదు. గడువు దాటింది దొరికితే ఏజెన్సీకి ఫిర్యాదు ఉత్తరం పిల్లలే రాస్తారు. తెలుగు టీచరుకూ పని దొరికింది.

'బడికి పంపింది కూరగాయలు కొనడానికా?' అనే తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. జట్టుకొకరు పెద్దవాళ్లు ఎటూ కావాలి కదా, వాళ్లనే పిలవండి. రైతుబజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసరుకు ముందురోజే చెప్పి, ఉదయం రద్దీ తగ్గాక వెళ్లండి.